కౌంటు

రొయ్యల కంపెనీలో నా పని కౌంటు.
కిలోకి ముప్పై వస్తే ఒక ట్రే,
నలభై వస్తే ఇంకో ట్రే.
మంచునీళ్ళలో వేళ్ళు కొంకర్లు పోయినా
అక్కడ లెక్క తప్పలేదు.
ఇంట్లో తప్పాను.

ఎల్లాజీ హార్బర్లో ఐసుగడ్డ మోస్తూ
జెట్టీ మెట్ల మీద జారాడు.
నడుంలో రెండు పూసలు.
కేజీహెచ్‌లో పదకొండు రోజులు.
వచ్చేటప్పుడు ఒక చీటీ:
నొప్పి ఉంటేనే, రోజుకి రెండు, అయిదు రోజులు.

ఆ అయిదు రోజులు మూడేళ్ళు నడిచాయి.

చీటీ మడతల దగ్గర చిరిగితే
టేపు అతికించుకున్నాడు, వల బాగుచేసినంత ఓపిగ్గా.
ఈ షాపువాడు కాదంటే మల్కాపురం,
అక్కడా కాదంటే గాజువాక.
మాత్ర దొరికిన రోజు పిల్లకి జీళ్ళు తెచ్చేవాడు.
దొరకని రోజు
ముక్కు కారుతూ, ఆవలిస్తూ, కాళ్ళతో మంచాన్ని తన్నుతూ
నా ట్రేలో రొయ్యలా ముడుచుకునేవాడు.
నేను జలుబనుకున్నాను.
పాలల్లో పసుపు వేసి కాచి ఇచ్చాను.

బియ్యం డబ్బా అడుగున ఖాళీ రేకులు దొరికాయి.
అలవాటు కొద్దీ కూర్చుని లెక్కపెట్టాను.
నూట పద్నాలుగు.
బియ్యం మాత్రం గిద్దెడు.

పోలమ్మత్త ఆసుపత్రి మాట ఎత్తనివ్వలేదు.
"పిచ్చాసుపత్రిలో పడేత్తావేటే నా కొడుకుని?
రేపు ఏ బోటు మీదకి ఎక్కనిత్తారు ఆణ్ణి?"
పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక బోర్డు కనిపెట్టింది:
వ్యసనాలకు వనమూలికలు,
ఇరవై ఒక్క రోజుల్లో విముక్తి.
నా చెవిదుద్దులు రెండు డబ్బాల చూర్ణమయ్యాయి.

పనిచేసింది.
అదే నన్ను భయపెట్టింది.
మూడో రోజుకే నవ్వు, పిల్లకి జీళ్ళు,
సూదిమొనంత కనుపాపలు.
డబ్బా అడుగంటిన రాత్రి మళ్ళీ అవే ఆవలింతలు.

అంతకు ముందెప్పుడో,
నా మొగుణ్ణి తీసుకుపోయింది ఏ రుచో తెలుసుకుందామని
ఒక మాత్ర నాకి చూశాను.
నాలుక మర్చిపోలేదు.
చూర్ణంలో అశ్వగంధ వాసన కింద
అదే చేదు నక్కి కూర్చుంది.

పెందుర్తిలో రైలు దిగి
పాడేరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ
గోనె మీద తిప్పతీగ, నేలవేము పరిచింది.
దీనికి మందుందా అని అడిగాను, అంతా చెప్పి.
తల అడ్డంగా ఊపింది.
"ఇది జరానికమ్మా. ఆ జబ్బుకి మా కొండల్లో ఆకు లేదు.
ఉందన్నోణ్ణి నమ్మకు."
బేరం పోగొట్టుకుని నిజం చెప్పిన మనిషి
ఆ ఏడాదంతటికీ ఆవిడొక్కతే.
పది రూపాయల తిప్పతీగ కొన్నాను, ఊరికే.

ఇంటికొచ్చి డబ్బా అత్త ముందు పెట్టాను,
పక్కనే ఒక మాత్ర.
రెండూ నాలుక మీద వేసుకుంది.
చాలాసేపు చీరకొంగు నోట్లోంచి తియ్యలేదు.
తెల్లారి పెదవాల్తేరు ఆటోలో
ముందు ఎక్కింది ఆవిడే.

అక్కడ నాలుక కింద కరిగే మందు, వాళ్ళ కళ్ళ ముందే వేసుకోవాలి.
"ఇదీ మాత్రే కదా?" అన్నాడు ఎల్లాజీ.
"అవును," అంది డాక్టరమ్మ, "దీనికి లెక్కుంది."
ఆ మాటకి నేను ఎందుకేడ్చానో
నా పక్కన కూర్చున్నవాళ్ళకి అర్థం కాలేదు.

నయమైందని చెప్పను.
అట్లతద్ది వెళ్ళిన వారం ఒకసారి జారాడు.
వచ్చి తనే చెప్పాడు, చెప్పులు విప్పకుండా.

బోట్లు కదిలే నాలుగింటికి
ఇప్పటికీ వాడి కాళ్ళు తన్నుకుంటాయి.
అత్త లేచి తిప్పతీగ మరగబెడుతుంది.
అది దేన్నీ నయం చెయ్యదని ఆవిడకీ తెలుసు,
డాక్టరమ్మకీ చెప్పే తాగిస్తోంది.
గ్లాసు వేడిగా ఉంటుంది,
వణికే రెండు చేతులకీ పట్టుకోడానికి ఒకటి ఉంటుంది.
"చేదుగా ఉందేట్రా?"
"ఊఁ."
"తాగు."

వాళ్ళు గుమ్మంలో ఉండగా
నేను బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెడతాను.
రోజూ పెడతాను. వాడికి తెలుసు.
ఏమీ అనడు.

అడుగు దాకా బియ్యమే, ఇవాళ.